కొత్త బండి మీద ప్రమాణం

"నేను ఎక్కనంటే ఎక్కను," అన్నాడు మునస్వామి, అరుగు మీద నుంచి కదలకుండా.

వాకిట్లో కొత్త పికప్ బండి తెల్లగా మెరిసిపోతూ నిలబడి ఉంది. కొనేవాళ్ళకు నడిపి చూపించడానికి షోరూంలో ఉంచే బండి అది. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం దాకా దాన్ని తోలుకొచ్చిన బాలచంద్ర, తలుపు తెరిచి పట్టుకుని ఎంతసేపటి నుంచో నిలబడి ఉన్నాడు.

బాలచంద్ర ఆ షోరూంలో బండ్లు అమ్మే మనిషి. అంతకన్నా ముందు మునస్వామి కోడలు సుజనకు తమ్ముడు. ఆ రెండో సంగతి వల్లే ఈ ఇంట్లో ఎవరూ నోరారా అరుచుకోలేకపోతున్నారు.

"ఒక్క రౌండు, మామా. అరగొండ రోడ్డు దాకా పోయి వచ్చేస్తాం."

"నువ్వు పోయి రాప్పా. నేను ఈడ్నే ఉంటా."

"ఎక్కకుండా బండి బాగుండాదో లేదో ఎట్లా తెలుస్తాది నాయనా?" అన్నాడు కొడుకు మునిప్రసాద్, విసుగు దాచుకోకుండా.

"ఎక్కకుండానే తెలుస్తాది రా. ముక్కు మార్చినారు. ఇంజను మార్చినారు. లోపల టీవీ పెట్టినారు. ఇన్ని మార్చినోళ్ళు ఏదో ఒకటి చెడగొట్టకుండా ఉంటారా? కొత్త మోడలు వచ్చిన ఏడాదే కొనకూడదు. ఊళ్ళోవాళ్ళు కొనాల. వాళ్ళ బండ్లు నడిరోడ్డు మీద నిలబడాల. కంపెనీవోళ్ళు సూసి సరిజేసుకోవాల. అప్పుడు మనం కొనాల."

"అందరూ నీ మాదిరే అనుకుంటే మొదట కొనేది ఎవురు?"

"దామోదరం."

గోడ మీద చేతులు ఆనించి చూస్తున్న ఇరుగుపొరుగు ఘొల్లున నవ్వారు. పలమనేరు దామోదరం ఈ మోడలు రాగానే కొన్నాడు. కొన్న కొద్దిరోజులకే మామిడి లోడుతో మొగిలి ఘాట్ మీద నిలబడిపోయాడు. ఆ మొగిలి ఘాట్ మీదే పోయిన వారం మునస్వామి పాత బండికి ఇంజను పట్టేసింది. లారీ వెనక కట్టించుకుని ఇల్లు చేరి, ఇప్పుడది పక్క సందులో పడి ఉంది. ఇక లేవదని మెకానిక్ చేతులెత్తేశాడు.

"దామోదరం అన్న బండి సంగతి వేరే, మామా," అన్నాడు బాలచంద్ర.

"వేరే అంటే?"

బాలచంద్ర గోడవతల ఉన్న మొహాలన్నింటినీ ఒకసారి చూశాడు. "వేరే. అంతే," అన్నాడు.

"సూసినారా! అంతేనంట!" మునస్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పందెం గెలిచినంత సంబరంగా ఉంది ఆయన మొహం. బాలచంద్ర మెల్లిగా తలుపు వేసేశాడు.

గడపలో నిలబడి ఇదంతా చూస్తున్న సుజనకు ఒళ్ళు మండిపోయింది. మామ మీద కొంత. నోరు తెరిచి మూసుకున్న తమ్ముడి మీద ఇంకా ఎక్కువ. శుక్రవారం నుంచి తమ మామిడి లోడ్లు మొదలు. గుజ్జు ఫ్యాక్టరీకి కాయ తోలడమే ఈ ఇంటి బతుకు. బండి లేకపోతే తోటలు ఇంకొకరి చేతికి పోతాయి. బండి కొని అది నిలబడిపోతే మాత్రం, తమ్ముడు మళ్ళీ ఈ గడప తొక్కలేడు. తనను చూడడానికి పుట్టింటి నుంచి వచ్చే ఒక్క మనిషీ దూరమవుతాడు.

*

అత్త వరదమ్మ పొయ్యి దగ్గర సంగటి గెలుకుతోంది. సుజన చెనక్కాయల చట్నీకి మిరపకాయలు తుంచుతోంది. మామూలుగా అయితే ఈ ఇద్దరూ కలిసి పని చేస్తే వీధి చివరి దాకా కబుర్లు వినిపిస్తాయి. ఇప్పుడు తెడ్డు చప్పుడు తప్ప ఏమీ లేదు.

ముందు వరదమ్మే నోరు విప్పింది.

"మీ తమ్ముడు అబద్ధం చెప్తాడని నేను అనలా."

"అనలేదు అత్తా. అనుకుంటాండారు."

"అనుకుంటే తప్పా? టమాటా అమ్మేవాడు తన గంపలో పుచ్చు కాయుందని చెప్తాడా?"

"వాడు టమాటాలు అమ్మడం లేదు. సొంత అక్క ఇంటికి బండి ఇస్తాండాడు."

"మరి దామోదరం బండి మాటెత్తితే ఎందుకు నీళ్ళు నమిలినాడు?"

సుజన మిరపకాయ తొడిమ గట్టిగా గిల్లింది.

వరదమ్మ తెడ్డు పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఈమె మాట ఎప్పుడూ మెల్లిగానే వస్తుంది. వచ్చాక మాత్రం వెనక్కి పోదు.

"ఒక పని చేద్దాం సుజనా. రేపు పొద్దున మీ తమ్ముణ్ణి కాణిపాకానికి రమ్మను. ఈ బండిలో నాకు తెలిసి లోపం లేదు, నేను దాచింది ఏమీ లేదు అని స్వామి ముందర చెప్పమను. చెప్పిన మరు నిమిషం కొందాం. మీ మామ నోరు మూయించేది నా పని."

చిత్తూరు చుట్టుపక్కల ఎవరి మధ్య తగువు వచ్చినా, గట్టు జరిగిందన్నా, మేక పోయిందన్నా, చివరికి ఆ ఊరి పేరు వస్తుంది. ఆ పేరు వచ్చాక అక్కడ ఎవరూ నవ్వరు. వరసిద్ధి వినాయకుడి ముందర అబద్ధమాడి బాగుపడినవాడు లేడని ఇక్కడి వాళ్ళ గట్టి నమ్మకం. దొంగతనం నింద పడ్డవాళ్ళను పిలిచే చోటికి తన తమ్ముణ్ణి పిలుస్తున్నారు. సుజనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఏడుపువి కావు, కోపానివి.

"మా వాణ్ణి దొంగను చేస్తాండారు అత్తా."

"దొంగ కాదని తేల్చుకుంటాండా. దీనికి నువ్వు సంతోషపడాల."

సంగటి కుండలో బుడగలు లేచి పగిలాయి.

"వస్తాడు," అంది సుజన చివరికి.

"అడక్కుండానే చెప్తాండావే?"

"నేను ఎత్తుకుని పెంచిన తమ్ముడు. వాడు వస్తాడు. ప్రమాణమూ చేస్తాడు. మీరు టెంకాయ తెచ్చుకోండి."

అంత ధీమాగా అనేసి మజ్జిగ చెంబు తీసుకుని బయటికి నడిచింది.

*

బాలచంద్ర పక్క సందులో పాత బండికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. అక్క చెప్పింది విని మజ్జిగ చెంబు నోటి దగ్గరే ఆపేశాడు.

"మాట్లాడు బాలా. చెయ్యలేవా?"

బాలచంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"నేను మాట ఇచ్చేసినా రా."

"చేస్తా అక్కా. బండి కోసం చేస్తా. మీ మామ కోసం ఎట్లా చేసేది?"

"ఆయనకేం సంబంధం?"

బాలచంద్ర చెంబు కింద పెట్టాడు. "దామోదరం అన్న బండి షోరూం నుంచి ఇంటికి కూడా పోలా. నేరుగా షెడ్డుకు తోలుకుపోయినాడు. వెనక బరువు మోసే కమాన్ పట్టీలు అదనంగా వేయించినాడు. చుట్టూ పలకలు లేపించినాడు. నేను వొద్దు మొర్రో అంటే నవ్వినాడు."

"అందరూ వేయిస్తారు కదరా."

వేయిస్తారు. ఈ మామిడి తోటల్లో కొత్త బండికి పూలదండ పడేది తర్వాత, అదనపు పట్టీలు పడేది ముందు. కంపెనీ రాసిచ్చిన బరువును ఇక్కడ ఎవరూ చదవరు. పలకల అంచు దాకా కాయ పోసి, పైన గోపురం కడితేనే దాన్ని లోడు అంటారు. పాత బండ్లు మూలుగుతూ మోశాయి కాబట్టి, అన్ని బండ్లూ అంతేననుకున్నారు.

"పాత మోడలు మొండిది, ఓర్చుకున్నింది. దీనికి వెనక భాగమంతా కొత్తగా కట్టినారు అక్కా. రాసిచ్చిన బరువు వరకు అయితే ఏండ్ల తరబడి మోస్తాది. నేను కర్పూరం ఆర్పి చెప్తా. పట్టీలేసి దానికి రెండింతలు ఎక్కిస్తే ఇరుసు వంగిపోతాది, ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కి నిలబడిపోతాది. అప్పుడు కొత్త బండి బాగలేదని ఊరంతా చెప్తారు."

"ఇదే మాట అందరి ముందర చెప్పచ్చు గదా!"

"ఒకరి బండి గుట్టు ఇంకొకరి వాకిట్లో చెప్తే రేపు నా దగ్గరికి ఎవురొస్తారు? అయినా ఆగింది దానికి కాదు." గొంతు తగ్గించాడు. "మామ నిన్న చిత్తూరుకొచ్చినాడు."

"కంటి డాక్టరు దగ్గరికి పోయినాడు."

"శ్రీనివాసులు షెడ్డుకు పోయినాడు. ఈ మోడలుకే పట్టీలు కొట్టమని చెప్పి వచ్చినాడు. మీ వాళ్ళు బండి ఎప్పుడు తీస్తాండారని శ్రీనివాసులు నాకు ఫోన్ చేసి అడిగినాడు."

సుజనకు నవ్వు వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"అంటే... కొనాలని ముందే అనుకున్నాడా?"

"అనుకునే ఉంటాడు. ఎక్కను ఎక్కను అంటాండాడు అంతే."

నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. సంగతి ఆమెకు ఇప్పుడు అర్థమైంది. కొనేది ఆయన ఇష్టప్రకారమే. లోడు వేసేది ఆయన ఇష్టప్రకారమే. రేపు బండి ఘాట్ మీద నిలబడితే మాత్రం, 'నేను అప్పుడే చెప్పినా, కోడలి తమ్ముడు అంటగట్టినాడు' అనడానికి ఊరంతా సాక్ష్యం ఉంది.

"రేపు పొద్దున గుడికి రా," అంది. "నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పు. ఒక్క ముక్క దాచొద్దు. మిగతాది నేను సూసుకుంటా."

"ఏం సూసుకుంటావు?"

"నువ్వు మజ్జిగ తాగు."

*

పొద్దున్నే బాలచంద్ర బండి తెచ్చాడు, అందరూ కాణిపాకానికి బయలుదేరారు. మునస్వామి ఎక్కనన్న మాట నిలబెట్టుకుని, కొడుకు మోటారు సైకిలు వెనక కూర్చున్నాడు. బండిలో బాలచంద్ర పక్కన సుజన, కిటికీ వైపు వరదమ్మ. చల్లగాలి మొహానికి తగిలేలా ఏసీ చిన్న రెక్కలు తిప్పుకోవడం వరదమ్మ తొందరగానే నేర్చుకుంది. దారిలో మోటారు సైకిలు దాటుతున్నప్పుడు మొగుడి వైపు చూసి చెయ్యి కూడా ఊపింది. అయినా ప్రమాణం సంగతి మాత్రం మరిచిపోలేదు.

గుళ్ళో రద్దీ తక్కువగా ఉంది. బాలచంద్ర తలకు స్నానం చేసి తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు. పూజారి కర్పూరం వెలిగించాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే బాలచంద్ర మొహంలో నవ్వు లేకపోవడం చూసి, వరదమ్మకే కొంచెం జాలేసింది.

"స్వామీ," అన్నాడు. "ఈ కొత్త బండిలో నాకు తెలిసిన లోపం ఏదీ లేదు. రాసిచ్చిన బరువు వరకు బాగా మోస్తాదని నమ్మే మా అక్క ఇంటికి ఇస్తాండా. అదనంగా పట్టీలేసి, బరువు మించి ఎక్కిస్తే చెడిపోతాది. ఆ మాట కూడా ఈడ్నే చెప్తాండా. ఇంకేదైనా దాచి ఉంటే నన్ను నువ్వే సూసుకో."

కర్పూరం మీద చెయ్యి పెట్టి ఆర్పాడు.

"చాలు నాయనా," అంది వరదమ్మ. తన కొంగుతో అతని తల తుడిచింది. "నన్ను తప్పుగా అనుకోవద్దు. ఏమయ్యా, ఇన్నావా? బండి కొంటాండాం."

"ఇన్నాలే," అన్నాడు మునస్వామి. "పదండి, ఎండ ముదురుతాంది."

"అయిపోలా మామా," అంది సుజన.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"బండికి ప్రమాణం అయింది. బండి తోలే మనిషిది మిగిలింది. పట్టీలు వేయించనని, బరువు మించి ఎక్కించనని మీరూ చెప్పండి."

"సుజనా!" అన్నాడు మునిప్రసాద్. "నాయన్ను ప్రమాణం చెయ్యమంటావా?"

"నా తమ్ముడు చేస్తే తప్పు కానిది ఇప్పుడెట్లా తప్పయింది?" మొగుడికి అంతే చెప్పి మామ వైపు చూసింది. "మొన్న శ్రీనివాసులు షెడ్డుకు పోలేదని కూడా చెప్పమని నేనడగను. ఈ రెండు చాలు."

వరదమ్మ మెల్లిగా మొగుడి వైపు మొహం తిప్పింది. "షెడ్డుకా? కంటి డాక్టరన్నావే?"

మునస్వామి తువ్వాలు తీసి ఒకసారి మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. పూజారి ఇటు చూడనట్టే నిలబడి అంతా వింటున్నాడు.

"నేను చెయ్యను," అన్నాడు చివరికి. "స్వామి ముందర అబద్ధం ఆడేవాణ్ణి కాదు. అందుకే చెయ్యను."

"అంటే ఎక్కిస్తారా?"

"ఎక్కిస్తానమ్మా! నా జన్మంతా ఎక్కించినా. మునస్వామి బండి వస్తే తోటలో కాయ మిగలదు అంటారు ఈ పక్క. ఆ పేరు తప్ప నాకు ఇంకేముండాది? ఏడాదంతా ఆ కాయకు కాపలా కాసిన రైతు ముందర నిలబడి, సగం ఎత్తుకుపోతా, సగం నీ ఖర్మ అని నేను చెప్పలేను. నాకు నోరు రాదు."

సుజన ఆయన్ను ఓడించాలని వచ్చింది. ఆ మాటలు విన్నాక మామ మీద ఉన్న కోపం సగానికి సగం పోయింది. ఇంతకాలం ఆయన మొండితనమే చూసింది గానీ, దాని వెనక ఈ పిరికితనం, ఈ మంచితనం రెండూ ఉన్నాయని అనుకోలేదు. అయినా ఇరుసుకు అదంతా తెలియదు కదా.

"అట్లయితే మీరు చెప్పొద్దు మామా. నేను చెప్తా."

"నువ్వా?"

"మీకు నోరు రాకపోతే నేను చెప్తా. తోట కాడ నేను నిలబడతా. రైతులు తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటారు. మీ పేరు మీకే ఉంటాది."

మునిప్రసాద్ ఏదో అనబోయాడు. వరదమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది. సుజన పోయి తలకు నీళ్ళు పోసుకుని వచ్చింది. పూజారి ఏమీ అడగకుండానే మళ్ళీ కర్పూరం వెలిగించాడు.

"ఈ బండి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళు అదనపు పట్టీ బిగించనియ్యను. రాసిచ్చిన బరువు మించి ఒక్క గంప ఎక్కనియ్యను. అడిగేది మా మామైనా, నా మొగుడైనా, ఇంకెవురైనా సరే."

చెయ్యి కాలినా పట్టించుకోకుండా కర్పూరం ఆర్పింది.

*

గుడి బయట వరదమ్మ అందరికీ కొబ్బరి ముక్కలు పంచింది. రేపు బండి ఇంటికి రావాలని, దండ తానే వేస్తానని చెప్పింది. బాలచంద్ర తడి జుట్టుతోనే షోరూంకు ఫోన్ చేసి, కాగితాలు సిద్ధం చెయ్యమన్నాడు. చాలా రోజుల తర్వాత తమ్ముడు అలా గట్టిగా మాట్లాడడం చూసి, సుజనకు కడుపు నిండినట్టయింది.

మునస్వామి కొబ్బరి ముక్క నములుతూ కోడలి పక్కకు వచ్చాడు.

"శ్రీనివాసులుకు నేనే ఫోన్ చేసి పట్టీలు వొద్దని చెప్పేస్తాలే," అన్నాడు.

"మంచిది మామా."

"ఎల్లుండి తొలి లోడు ఎవురి తోటదో తెలుసునా అమ్మాయ్?"

ట్రిప్పులు ఖాయం చేసేది మామా, మొగుడూ. తొలి లోడు ఎవరిదో ఆమెకు తెలియదు. "ఎవురిది?" అంది.

మునస్వామి బాలచంద్ర వైపు చూశాడు. బాలచంద్ర చేతిలో ఫోను కిందికి దిగింది.

"మనదే అక్కా," అన్నాడు మెల్లిగా. "నాయన తోట. నేను... ఆ ధ్యాసే లేదు నాకు."

"కాయ తీసుకోవడానికి ఫ్యాక్టరీ ఇచ్చే టోకెనుకు ఈ ఏడు ఒక బండి, ఒక లోడు," అన్నాడు మునస్వామి. "మా వియ్యంకుడికి వచ్చింది ఒక్క టోకెను. ఆ గేటు దాటని కాయ తోటలోనే మురగాల. వేరే బండ్లన్నీ ఎప్పుడో మాట్లాడేసుకున్నారు. మీ నాయన గంప ఎత్తి నీ ముందర పెట్టి 'ఎక్కించు తల్లీ' అంటే ఏం చేస్తావు?"

ఆయన గొంతులో ఎగతాళి లేదు. తాను ఇన్నేళ్ళూ చెప్పలేని ఆ మాటను ఇంకొకరు ఎలా చెబుతారో తెలుసుకోవాలని నిజంగానే అడుగుతున్నాడు.

సుజన జుట్టు పిండుకుని ముడి వేసుకుంది. తమ్ముడి చేతిలోంచి ఫోను తీసుకుని తండ్రికి కలిపింది. కృష్ణమూర్తి మొదటి రింగుకే ఎత్తాడు.

"బాలా! ఏమైంది రా? కొన్నారా?"

"నేను నాయనా, సుజనను. కొంటాండాం."

"సల్లగా ఉండండి తల్లీ! ఈ ఏడు కాయ విరగ్గాసింది. నేలకు ఆనుకుని ఉండాయి కొమ్మలు. బండి ఎట్లా అని రాత్రంతా నిద్ర లేదు నాకు. నిన్న మీ మామ ఫోన్ చేసి, కొత్త బండి వస్తాంది, ఒక్క కాయ మిగలనీయనని మాటిచ్చినాడు. ఆ మాట మీదనే ఈ పొద్దు మనుషుల్ని పెట్టి తోటంతా కోయిస్తాండా."

సుజన మామ వైపు చూసింది. మునస్వామి తల దించుకున్నాడు.

"నాయనా," అంది సుజన, "కోత ఆపించు. ముందు నేను చెప్పేది విను."

"ఆపేదేంది తల్లీ?" అన్నాడు కృష్ణమూర్తి. "సగం తోట కాయ అప్పుడే కోసేసి నేల మీద ఉండాది."